ముఅద్దిబ్: అదబ్ నేర్పే పేరు హథియార్ అయిన కహానీ

1984 డిసెంబర్‌లో అమెరికాలో ‘డ్యూన్’ అనే సినిమా విడుదలైంది. డైరెక్టర్ డేవిడ్ లించ్. అందులో ఒక విచిత్రమైన హథియార్ ఉంది. దానికి బారూద్ అక్కర్లేదు, గోలీ అక్కర్లేదు. ఒంటికి తగిలించుకుని, గురిపెట్టి ఒక లఫ్జ్ పలికితే చాలు. ఆ ఆవాజ్ దెబ్బకు బండ పగులుతుంది, గోడ కూలుతుంది, ఎదుటి మనిషి ప్రాణం పోతుంది. దాని పేరు ‘వీర్డింగ్ మాడ్యూల్’. మనం ఆవాజ్ యంత్రం అనుకుందాం.

ఇదంతా ఖయాలీ వ్యవహారమే. వేల ఏళ్ల తర్వాత, ఎక్కడో ఇసుక తప్ప ఏమీ లేని అరాకిస్ అనే గ్రహం మీద జరిగే కథ. అలాంటి హథియార్‌కి తవారీఖ్ ఎందుకు రాస్తున్నావని అడగొచ్చు. కారణం ఒకటే. ఆ యంత్రంలోంచి బయటికొచ్చి రాయిని పగలగొట్టే లఫ్జ్ మన ఇంటిది. ఆ లఫ్జ్ ‘ముఅద్దిబ్’.

ఉర్దూ మీడియం బడిలో చదివినవాళ్లకి ఈ మాట కుటుంబం బాగా తెలుసు. జ్వరమొచ్చి బడికి వెళ్లలేకపోతే సెలవు చిట్టీ రాసేవాళ్లం కదా, అది మొదలయ్యేదే ‘మొఅద్దబానా గుజారిష్ హై’ అని. అదబ్‌తో చేసుకునే విన్నపం అని మతలబ్. అదబ్ ఉన్నవాడు మొఅద్దబ్. అదబ్ నేర్పేవాడు ముఅద్దిబ్. అదబ్ అంటే మర్యాద ఒక్కటే కాదు, సాహిత్యం కూడా. మాటని ఎలా పలకాలో, ఎక్కడ ఆపాలో, ఎవరి ముందు గొంతు తగ్గించాలో, అంతా అదబే. అలాంటి పేరు ప్రాణాలు తీసే ఆవాజ్‌గా ఎలా మారింది? ఈ కహానీ అదే.

ముందు అసలైన ముఅద్దిబ్‌ల సంగతి చూద్దాం. అబ్బాసీ ఖలీఫాల జమానాలో ముఅద్దిబ్ అంటే షహజాదాలకు చదువు చెప్పే ఉస్తాద్. ఖలీఫా హారూన్ రషీద్ 786 నుంచి 809 దాకా బగ్దాద్‌ని పాలించాడు. ఆయన కొడుకులు అమీన్, మామూన్‌లకు చదువు చెప్పినవాళ్లలో కూఫా ఆలిమ్ కిసాయీ ఒకరు. కిసాయీ పేరు ఖిరాఅత్ నేర్చుకున్న ప్రతి హాఫిజ్‌కీ తెలుసు. ఖురాన్ తిలావత్‌కి ప్రసిద్ధులైన ఏడుగురు ఖారీ ఇమాముల్లో ఆయన ఒకరు. అరబీ వ్యాకరణంలోనూ ఉద్దండుడు. అంటే ఒక అసలు ముఅద్దిబ్ జీవితమంతా ఆవాజ్ మీదే నడిచింది. ఏ హర్ఫ్ గొంతులో ఎక్కడినుంచి రావాలి, ఏ స్వరాన్ని ఎంత సాగదీయాలి అన్నదే ఆయన ఇల్మ్.

కానీ తవారీఖ్ ఎప్పుడూ మనం కోరినట్టు నడవదు. తండ్రి పోయాక ఆ అన్నదమ్ములే తఖ్త్ కోసం కత్తులు దూశారు. 811లో మొదలైన ఆ యుద్ధంలో బగ్దాద్ ముట్టడికి గురైంది. 813లో అమీన్ హతమయ్యాడు. అదబ్ చెప్పే ఉస్తాద్ ఉన్నంత మాత్రాన షాగిర్ద్ చేతిలో కత్తి ఆగదని ఆ రోజే తేలింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మన ఖయాలీ కథలోనూ పనికొస్తుంది.

ఇక ఈ లఫ్జ్ అమెరికా నావెల్లోకి ఎలా చేరింది? ‘డ్యూన్’ రాసిన ఫ్రాంక్ హెర్బర్ట్ నాలాగే అఖ్బార్ మనిషి. 1957లో ఆరెగాన్ రాష్ట్రంలోని ఫ్లోరెన్స్ అనే సముద్రతీర ఊరికి ఒక వ్యాసం కోసం వెళ్లాడు. ఊళ్ల మీదికి, రోడ్ల మీదికి వచ్చిపడే ఇసుక దిబ్బల్ని గడ్డి నాటి ఆపే సర్కారీ పని అక్కడ నడుస్తోంది. ఆ వ్యాసం అచ్చు కాలేదు గానీ ఇసుక అతని బుర్రలోంచి పోలేదు. రేగిస్తాన్‌ల గురించి, అక్కడి మజహబ్‌ల గురించి, మనుషులు ఎవరో ఒక రహ్‌నుమా వెనక గుడ్డిగా ఎందుకు నడుస్తారన్న దాని గురించి ఏళ్ల తరబడి చదివాడు.

అలా చదివిన కితాబుల్లో 1960లో వచ్చిన లెస్లీ బ్లాంచ్ ‘ది సేబర్స్ ఆఫ్ పారడైజ్’ ముఖ్యమైనది. అది దాగెస్తాన్ పర్వతాల్లో రష్యా జార్ ఫౌజ్‌ని పాతికేళ్లు నిలువరించిన ఇమామ్ షామిల్ కథ. నక్ష్‌బందీ సిల్సిలాకి చెందిన షామిల్ తన మురీదులతో 1834 నుంచి పోరాడి, 1859లో గునీబ్ కొండ మీద లొంగిపోయాడు. తర్వాత హజ్‌కి వెళ్లి, 1871లో మదీనాలో ఇంతెకాల్ అయ్యాడు. ఆయన మజార్ జన్నతుల్ బఖీలో ఉంది. కొండల్లో నెత్తుటి పగకి వాడే మాట, వేటగాళ్ల రహస్య భాష పేరు ఆ కితాబ్‌లోంచి ‘డ్యూన్’లోకి నడిచొచ్చాయి.

1965లో ‘డ్యూన్’ని చిల్టన్ అనే కంపెనీ అచ్చువేసింది. కార్ల రిపేరీ పుస్తకాలు వేసే కంపెనీ అది. అంతకుముందు దాదాపు ఇరవైమంది ప్రచురణకర్తలు వద్దన్నారు. 1966లో అదే నావెల్ హ్యూగో అవార్డులో సగభాగాన్నీ, నవలలకు ఇచ్చిన మొట్టమొదటి నెబ్యులా అవార్డునీ గెలిచింది.

ఆ నావెల్ తెరిస్తే మనవాళ్లకి ఒక అజీబ్ అనుభవం. అరాకిస్ రేగిస్తాన్‌లో బతికే ఫ్రెమెన్ ఖౌమ్ మాట్లాడే లఫ్జులు సగం మన చెవికి పాతవే. చక్రవర్తి బిరుదు పాదిషా, మన తెలుగు కథల్లోని పాదుషానే. హీరో పాల్‌కి ఫ్రెమెన్ పెట్టిన రహస్య నామం ‘ఉసుల్’, అంటే స్తంభానికి పునాది. అది మన ఉసూల్. దాని ఏకవచనం ‘అస్ల్’. తెలుగువాళ్లు కులమతాల తేడా లేకుండా రోజుకి వందసార్లు అనే ‘అసలు’ దాన్నుంచి వచ్చిందే. పాల్ కోసం ప్రాణమిచ్చే దళం ‘ఫెదాయ్‌కిన్’, అంటే ఫిదాయీలు. తెలుగు సినిమా పేరుగా మనందరం విన్న ‘ఫిదా’ కూడా ఆ వేరు నుంచే. పాల్‌ని జనం ‘లిసాన్ అల్ గైబ్’ అంటారు. గైబ్ నుంచి మాట్లాడే నాలుక అని అర్థం. అది ఫార్సీ షాయర్ హాఫిజ్ షీరాజీకి శతాబ్దాల కిందటే ఉన్న బిరుదు. తెలంగాణలో ‘పైసలు గాయబ్’ అంటామే, ఆ గాయబ్‌కీ ఈ గైబ్‌కీ వేరు ఒక్కటే. ఫ్రెమెన్ల పవిత్ర గ్రంథం ‘కితాబ్ అల్ ఇబర్’. అది 1332లో ట్యూనిస్‌లో పుట్టిన ఇబ్న్ ఖల్దూన్ రాసిన తవారీఖ్ పేరు. దాని ముఖద్దిమా గురించి మన ఆలిమ్‌లు ఇప్పటికీ చెబుతుంటారు.

ఇక ‘ముఅద్దిబ్’. నావెల్లో అది రేగిస్తాన్‌లో బతికే ఒక చిన్న ఎలుక పేరు. నీరు లేని చోట బతకడం దానికి తెలుసు. పాల్ ఆ పేరు కోరుకుంటే, ఫ్రెమెన్ సర్దార్ స్టిల్గర్ మెచ్చుకుంటూ, కుర్రవాళ్లకి చదువు చెప్పేవాడని కూడా తమలో దానికి అర్థం ఉందంటాడు. అంటే హెర్బర్ట్‌కి ఆ లఫ్జ్ మతలబ్ తెలుసు. బగ్దాద్‌లో కిసాయీ చేసిన పనినే ఆ ఎలుక పేరులో దాచాడు.

మరి ఆవాజ్ యంత్రం? నావెల్లో అది లేనేలేదు. అక్కడ ‘వీర్డింగ్’ అన్నది ఒక పోరాట విద్య. పాల్ తల్లి జెస్సికా, బెనె జెసెరిట్ అనే ఔరతుల జమాత్‌లో నేర్చుకున్నది. ఊపిరినీ కండరాలనీ అదుపులో పెట్టి మెరుపులా కదలడం. దానితో పాటు వాళ్ల దగ్గర ‘వాయిస్’ అనే మరో హునర్ ఉంది. ఎదుటివాడి స్వభావాన్ని పసిగట్టి, సరిగ్గా అతని మీద పనిచేసే స్వరంతో ఆజ్ఞ ఇస్తే, అతను తెలియకుండానే లొంగిపోతాడు. అది రాళ్లు పగలగొట్టదు. మనిషిలోని ఇరాదాని పగలగొడుతుంది. నావెల్ చివర్లో పాల్ ఒక వృద్ధురాలితో నిన్ను ఒక్క మాటతో చంపగలనని అంటాడు. యంత్రం మాట ఎక్కడా లేదు.

నావెల్లో పాల్ పేరు చంపేది ఇంకోలా. ఫ్రెమెన్లు ఆ పేరుని నారా చేసుకుంటారు. ఆ పేరు అరుస్తూ చంపుతారు, ఆ పేరు అరుస్తూ చస్తారు. 1969లో వచ్చిన రెండో నావెల్ ‘డ్యూన్ మెస్సయ్య’లో పాల్ స్వయంగా లెక్క చెబుతాడు. తన పేరుతో జరిగిన యుద్ధంలో 6,100 కోట్ల మంది పోయారని, చెంగిజ్ ఖాన్, హిట్లర్ తనముందు చిన్నవాళ్లని. ఆ 6,100 కోట్ల ప్రాణాలకి ఏ ఆవాజ్ యంత్రమూ అవసరం కాలేదు. గొంతులు చాలాయి.

ఇప్పుడు 1984కి వద్దాం. ఈ పోరాట విద్యని తెర మీద చూపిస్తే ఇసుక దిబ్బల మీద కుంగ్‌ఫూలా ఉంటుందని లించ్ ఇష్టపడలేదంటారు. అందుకే ఆవాజ్ యంత్రాన్ని కల్పించాడు. సినిమాలో పాల్ ఖాందాన్ ఆ హథియార్‌ని గుట్టుగా తయారుచేస్తుంది. పాదిషాకి ఆ ఖాందాన్ మీద భయం పుట్టేది అందుకే. తర్వాత పాల్ దాన్ని ఫ్రెమెన్లకి నేర్పుతాడు. ఆ తాలీమ్ జరుగుతున్నప్పుడు ‘ముఅద్దిబ్’ అన్న పేరు పలకగానే రాయి బద్దలవుతుంది. తన పేరే ప్రాణాలు తీయగలదని ఆ నౌజవాన్‌కి అప్పుడు తెలుస్తుంది. చివరికి అతనికి యంత్రం కూడా అక్కర్లేకుండా పోతుంది. ఉట్టి గొంతుతోనే నేల పగలగొడతాడు. ఆ వెంటనే ఎన్నడూ వాన పడని గ్రహం మీద వాన కురుస్తుంది.

చూడ్డానికి జోరుగా ఉంటుంది. కానీ ఇక్కడే ఒక పెద్ద ప్రశ్న చేజారిపోయింది. నావెల్లో ఒక పేరు ఎందుకు చంపుతుంది? దాన్ని అరిచే హుజూమ్ ఉంది గనక. సినిమాలో ఎందుకు చంపుతుంది? దాన్ని పెద్దది చేసే యంత్రం ఉంది గనక. నేరం జనం మీది నుంచి మెషీన్ మీదికి మారింది. యంత్రం తీసేసి ఇంటికెళితే ఎవరి చేతికీ నెత్తురు అంటదు.

హెర్బర్ట్ ఆ సినిమాని చాలావరకు మెచ్చుకున్నాడు గానీ, ఆ వాన గురించి మాత్రం ఒప్పుకోలేదు. తన పాల్ దేవుడి వేషం వేసిన మనిషే తప్ప వాన కురిపించే దేవుడు కాదని రాశాడు. మన ఇళ్లలో ఈ తేడా పిల్లలకీ అర్థమవుతుంది. ఆవాజ్‌తో ఖౌమ్ నాశనం కావడం మనకి కొత్త తసవ్వుర్ కాదు. సమూద్ ఖౌమ్‌ని ఒక భయంకరమైన కేక పట్టుకుందని, తెల్లారేసరికి ఇళ్లలోనే పడిపోయి ఉన్నారని సూరె హూద్ చెబుతుంది. కానీ ఆ కేక ఇన్సాన్ చేతిలో పెట్టిన హథియార్ కాదు. ఏ ప్రవక్తకీ అది అప్పగించలేదు. ఫిరౌన్ అంతటి జాలిమ్ దగ్గరికి పంపుతున్నప్పుడు కూడా మూసా, హారూన్ అలైహిముస్సలామ్‌లకు ఇచ్చిన హుకుమ్ మెత్తగా మాట్లాడమనే.

సినిమా దాదాపు నాలుగు కోట్ల డాలర్ల ఖర్చుతో తీస్తే, అమెరికాలో అంత కూడా రాబట్టలేదు. టీవీ కోసం సాగదీసిన వెర్షన్ మీద లించ్ తన పేరే ఉండనివ్వలేదు. అయినా హథియార్ బతికింది. 1992లో వెస్ట్‌వుడ్ కంపెనీ ‘డ్యూన్ 2’ అనే కంప్యూటర్ గేమ్ చేసింది. కంప్యూటర్లో ఫౌజ్‌లు నడిపే ఆటలన్నిటికీ అదొక పునాది రాయి. అందులో పాల్ ఖాందాన్‌కి ‘సోనిక్ ట్యాంక్’ ఇచ్చారు. ఆవాజ్ అలల్ని విసిరి దుష్మన్ బండ్లని పేల్చే ట్యాంకు. గొంతు పోయింది, లఫ్జ్ పోయింది, పేరు పోయింది. ఉట్టి మోత మిగిలింది.

నిజంగా అలాంటిది ఉందా అని పిల్లలు అడుగుతారు. కొంత ఉంది. 2000 అక్టోబర్‌లో యెమెన్‌లోని అదన్ రేవులో అమెరికా నౌక ‘కోల్’ మీద దాడి జరిగి 17 మంది నావికులు చనిపోయారు. ఆ తర్వాత, దగ్గరికొచ్చే పడవల్ని దూరం నుంచే హెచ్చరించడానికి ‘ఎల్‌ఆర్‌ఏడీ’ అనే పరికరం తయారైంది. ఆవాజ్‌ని టార్చిలైటులా ఒకే దిక్కుకి పంపుతుంది. 2005లో సోమాలియా తీరం దగ్గర ఒక ప్రయాణికుల నౌక సముద్రపు దొంగల మీద దీన్ని వాడింది. 2009లో పిట్స్‌బర్గ్‌లో జీ20 సమావేశాలప్పుడు నిరసనకారుల మీద పోలీసులు వాడారు. చెవులు దెబ్బతీయగలదు. కానీ బండలు పగలగొట్టలేదు. అది ఏ లఫ్జ్ పలుకుతోందన్నదానితోనూ దానికి సంబంధం లేదు. సలామ్ చెప్పినా, తిట్టినా చెవికి ఒకటే నొప్పి. లఫ్జ్‌ని బట్టి ప్రాణం పోయే హథియార్‌ని ఇంజినీర్లు ఇంకా తయారుచేయలేదు. అది తయారుచేసేది మనలాంటి మామూలు మనుషులే.

2021లో, 2024లో డెనీ విల్నూవ్ ‘డ్యూన్’ని రెండు భాగాలుగా మళ్లీ తీశాడు. ఆవాజ్ యంత్రాన్ని పక్కనపెట్టి, నావెల్లోని ‘వాయిస్’ని ఉంచాడు. రెండు భాగాలకీ ఆవాజ్ విభాగంలో ఆస్కార్ వచ్చింది. జనం అరిచే ‘లిసాన్ అల్ గైబ్’ థియేటర్ అదిరేలా వినిపిస్తుంది. కానీ నావెల్లో కథకి వెన్నెముకలా ఉన్న ‘జిహాద్’ అన్న లఫ్జ్ మాయమై, దాని స్థానంలో పవిత్ర యుద్ధం అన్న ఇంగ్లీషు మాట వచ్చింది. 1965లో ఒక అమెరికన్ ముసన్నిఫ్ ధైర్యంగా రాసుకున్న మాటని ఇప్పుడు పలకడానికే జంకారు. ఎందుకంటే మధ్యలో ఆ లఫ్జే ఒక బాంబుగా మారిపోయింది.

రెండో భాగం చూసొచ్చిన మా ఇంటి పిల్లల్లో ఒకరు నన్ను అడిగిన సవాల్ ఇది: “చాచా, వాళ్లు మన మాటలే మాట్లాడుతున్నారు కదా, మరి మనకే ఎందుకు భయమేసింది?” ఆ ప్రశ్న నాలుగు రోజులు వదల్లేదు.

నేను ఇన్నేళ్లుగా లఫ్జుల కార్ఖానాలో పనిచేస్తున్నవాణ్ని. ఒక మాట హెడ్డింగ్‌లోకి ఎక్కాక ఏమవుతుందో చూస్తూనే ఉన్నాను. జిహాద్ అంటే జద్దోజహద్, తన నఫ్స్‌తో పెనుగులాడటం దగ్గర మొదలయ్యే మెహనత్. దాన్ని మొదట ప్రేమ పెళ్లి పక్కన తగిలించారు. తర్వాత భూమి పక్కన. 2020లో చివరికి కరోనా పక్కన తగిలించారు. ఆ నెలల్లో తోపుడుబండి మీద కూరగాయలు అమ్ముకునే గరీబుల్ని పేరు అడిగి గల్లీల్లోంచి తరిమేశారని మనం చదివాం. అక్కడ ఏ యంత్రమూ లేదు. ఒక లఫ్జ్, దాన్ని అరిచే కొన్ని వేల గొంతులు. బండ పగల్లేదు, ఒక ఇంటి పొయ్యి ఆరింది.

ఇన్సాఫ్‌గా రెండో మాట కూడా చెప్పుకోవాలి. హుజూమ్ ఎవరిదైనా హుజూమే. నమాజులో వంగుతూ లేస్తూ ప్రేమతో అనుకునే మాటనే, ఇంకొకరి దుకాణం ముందు నిలబడి వాళ్లని బెదిరించడానికి అరిస్తే, అది ఇబాదత్ కాదు. వాళ్ల దేవుడి పేరుతో మనల్ని భయపెట్టినప్పుడు మన పిల్లల గుండె ఎలా కొట్టుకుంటుందో, అవతలి పిల్లల గుండే అలాగే కొట్టుకుంటుంది. ఏ పేరైనా తనంతట తాను హథియార్ కాదు. ఎవరో దాని మతలబ్ ముందు తీసేస్తారు. మతలబ్ పోయిన ఖాళీలో మోత నింపుతారు. తర్వాత ఎదుటివాడి మీదికి తిప్పుతారు. ముఅద్దిబ్ అన్న పేరుకి జరిగింది సరిగ్గా ఇదే. అదబ్ నేర్పే ఉస్తాద్, ఎలుక పేరై, నారా అయి, యంత్రం మీట అయి, చివరికి గేమ్‌లో పేరు కూడా లేని ట్యాంకు మోత అయింది.

దీనికి ఇలాజ్ పెద్ద విద్యేమీ కాదు. లఫ్జ్‌కి దాని మతలబ్‌ని తిరిగి ఇవ్వడమే. పిల్లలు ఆ సినిమా చూస్తానంటే ఆపకండి. పక్కన కూర్చోండి. ఉసుల్ అన్నప్పుడు మన ‘అసలు’ గురించి చెప్పండి. లిసాన్ అల్ గైబ్ అన్నప్పుడు హాఫిజ్ షీరాజీ గురించి, ఫ్రెమెన్ల కొండ గుహలు చూపినప్పుడు ఇమామ్ షామిల్ గురించి చెప్పండి. ముఅద్దిబ్ అని వేలమంది అరుస్తున్నప్పుడు మాత్రం ఒక్క నిమిషం ఆవాజ్ తగ్గించండి. పన్నెండు వందల ఏళ్ల కిందట బగ్దాద్‌లో కిసాయీ అనే ఒక ఉస్తాద్ ఉండేవాడని, ఇద్దరు అబ్బాయిల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఏ హర్ఫ్‌ని ఎంత మెత్తగా పలకాలో నేర్పేవాడని, ఈ పేరుకి అసలు మతలబ్ ఆ పనేనని చెప్పండి. ఆ అబ్బాయిలు పెద్దయ్యాక ఏం చేశారో కూడా దాచకుండా చెప్పండి. ఉస్తాద్ నేర్పగలడు, పాటించాల్సింది షాగిర్దే.

ఖుదా హాఫిజ్.